తిట్టు కాని మాట ఒకటి చెప్పక్కా

 

వెనకాల నుంచి సౌండ్ వస్తోంది కదా, అది మా పురానాపూల్ కూరగాయల మార్కెట్. మైక్ మార్చమని చాలామంది అడుగుతున్నారు. మైక్ అంటే మారుస్తాను గానీ పురానాపూల్‌ని మార్చలేను కదా. కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

ఈ రోజు పుస్తకాల గురించి. కానీ "చదవాల్సిన టాప్ 10" లాంటి ఎపిసోడ్ కాదు. మా ఇంట్లో జరిగిన ఒక విషయం చెప్తాను, దాంతో పాటు నాలుగైదు పుస్తకాలు వస్తాయి. ఇది మా చిన్నాన్న కొడుకు గురించి. వాడిని అడిగి, వాడు సరే అన్నాకే చెప్తున్నాను. పేరు చెప్పను. వాడికి 22 ఏళ్లు, ఇంజినీరింగ్ అయిపోవచ్చింది, నన్ను అక్కా అంటాడు.

ముందు వంతెన కథ. బయటివాళ్లు ఎవరు వచ్చినా మేం మొదట చెప్పేది ఇదే. పురానాపూల్ 1578లో కట్టారు. చార్మినార్ 1591. అంటే చార్మినార్ కంటే మా వంతెన 13 ఏళ్లు పెద్దది. యువరాజు మహమ్మద్ కులీ మూసీ అవతలి ఒడ్డున ఉన్న భాగమతి కోసం వరదలో గుర్రం దూకించాడని, కొడుకు ప్రాణం మీద భయంతో ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఈ వంతెన కట్టించాడని చెప్తారు. లెక్కేస్తే కుదరదు. ఆయన పుట్టింది 1565 ప్రాంతంలో, కాబట్టి వంతెన కట్టే టైమ్‌కి 12, 13 ఏళ్ల పిల్లాడు. అయినా మేమంతా ఈ కథ నమ్ముతాం, మస్తు గర్వంగా చెప్తాం. ప్రేమించిన మనిషి దగ్గరికి కొడుకు క్షేమంగా వెళ్లాలని తండ్రి వంతెన కట్టిన ఊరు మాది అంటాం.

పోయిన ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం ఆ వంతెన మీదే టమాటాలు ఏరుకుంటున్నాం, నేనూ మా తమ్ముడూ. ఉన్నట్టుండి వాడు, "అక్కా, నాకు అబ్బాయిలంటే ఇష్టం" అన్నాడు. ఎలా అన్నాడంటే, ఇంట్లో గ్యాస్ అయిపోయింది అన్నట్టు అన్నాడు. చేతిలో టమాటా అట్లనే ఉంది నాకు.

నేను బాగా రియాక్ట్ అయ్యానని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ కాలేదు. "సరే సరే, ఇంటికి పోదాం పా" అన్నాను. రెండు రోజులు ఏం మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి వాడికి వాట్సాప్‌లో నాలుగు ఇంగ్లీష్ ఆర్టికల్స్ పంపాను, ఒక పీడీఎఫ్ కూడా. నేను సాఫ్ట్‌వేర్ వదిలేసినా బుద్ధి పోలేదు చూడండి, ఎవరికైనా బాధ వస్తే డాక్యుమెంటేషన్ పంపిస్తాను.

వాడు పొద్దున ఇంటికొచ్చి రెండు మాటలు చెప్పాడు. ఆ రెండు మాటల కోసమే ఈ ఎపిసోడ్.

మొదటిది: "నీకు రెండేళ్ల కిందనే చెప్దామనుకున్న. కానీ దసరాకి అందరం కూర్చున్నప్పుడు నువ్వు ఆ జోక్ చెప్పినవ్."

నాకు గుర్తు రాలేదు. తర్వాత వచ్చింది. నేను పని చేసిన ఆఫీసులో ఒకబ్బాయి నడిచే తీరు మీద టీమ్ లంచ్‌లో ఎవరో జోక్ వేశారు. అందరితో పాటు నేనూ నవ్వాను. అది చాలదన్నట్టు ఇంటికి తెచ్చి, పండగ రోజు యాక్ట్ చేసి మరీ చూపించాను. అందరూ పడీ పడీ నవ్వారు. వాడు కూడా నవ్వాడు, అది కూడా గుర్తొచ్చింది. ఆ నవ్వు తర్వాత రెండేళ్లు నోరు మూసుకున్నాడు.

రెండోది: "నువ్వు పంపిన ఇంగ్లీష్ నాకు తెలుసు అక్కా, నేను నీకంటే ఎక్కువ చదివిన. మా అమ్మకు ఏం చెప్పాలె? తెలుగులో తిట్టు కాని మాట ఒకటి చెప్పు."

ఫ్రెండ్స్, మీరు కూడా ఒకసారి ఈ పని చేయండి. వీడియో పాజ్ చేసి, మీ ఇంట్లో, మీ సినిమాల్లో, మీ కాలేజీ గ్రూపులో ఇలాంటి మనుషుల గురించి ఏ మాటలు వాడతారో మనసులో లెక్కేసుకోండి. "తేడా" అంటారు. అంకెలతో అనే మాట ఒకటుంది, అది నేను పలకను. మిగతావి ఇంకా ఘోరం. సినిమాల్లో అయితే ఆ క్యారెక్టర్ రాగానే ఒక మ్యూజిక్ వేస్తారు, హీరో పారిపోతాడు, థియేటర్ నవ్వుతుంది. తిట్టు కానిదంటే న్యూస్‌పేపర్ మాట ఒకటుంది, "స్వలింగ సంపర్కం". వాడికి అదే చెప్పాను. వాడు, "నేను ఒకరిని ఇష్టపడ్డ అక్కా, సంపర్కం ఏంది నడుమ?" అన్నాడు. నిజమే కదా. మా చిన్నమ్మ, చిన్నాన్నల పెళ్లిని ఎవరైనా "భిన్నలింగ సంపర్కం" అంటారా?

సరే, వాడి సంగతి కాసేపు పక్కన పెట్టి నా సంగతి చెప్తాను. దీనికీ దానికీ సంబంధం ఉంది.

నన్ను చూస్తూనే ఉన్నారు కదా, నేను లావుగా ఉంటాను. చిన్నప్పటి నుంచీ అంతే. స్కూల్లో డ్రమ్ము, ఇంటర్లో పీపా. షేర్ ఆటోలో ఒకాయన "ఇద్దరి పైసలు ఇయ్యి" అన్నాడు, ఆటో మొత్తం నవ్వింది. సంబంధాలు చూసేటప్పుడు "మొహం కళగా ఉంది, ఒక్క పది కిలోలు తగ్గితే..." అని ఆపేస్తారు. ఆ మూడు చుక్కల్లోనే నా ఇరవైలన్నీ గడిచిపోయాయి. నా ఒంటి గురించి కూడా తిట్టు కాని మాట నాకెవరూ ఇవ్వలేదు. "బొద్దుగా" అంటారు, అది కూడా చిన్నపిల్లలకీ హీరోయిన్లకీ రిజర్వ్ చేసిన మాట. 2015లో "సైజ్ జీరో" సినిమా వచ్చినప్పుడు నేను టీనేజర్‌ని. ఆ పాత్ర కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగింది. ఒక తెలుగు సినిమా పోస్టర్ మీద నాలాంటి ఒళ్లు హీరోయిన్‌గా కనిపించడం నాకు అదే ఫస్ట్. సినిమా ఎలా ఉందన్నది వేరే సంగతి, ఆ పోస్టర్ ముందు మాత్రం చాలాసేపు నిలబడ్డాను.

తర్వాత ఇంగ్లీష్‌లో రొక్సేన్ గే రాసిన "హంగర్" చదివాను, 2017 పుస్తకం. ఆవిడ మొదట్లోనే చెప్పేస్తుంది, ఇది బరువు తగ్గి గెలిచిన కథ కాదు అని. చేతులున్న కుర్చీ చూస్తే వచ్చే భయం గురించి, విమానం సీటు గురించి రాస్తుంది. ఆ పేజీలు చదువుతుంటే నాకు ఆఫీస్ క్యాబ్‌లో మధ్య సీటు గుర్తొచ్చింది. ఎక్కడో అమెరికాలో ఉన్నావిడకి నా క్యాబ్ సీటు గురించి ఎలా తెలుసు అనిపించింది. కానీ ఆ పుస్తకాన్ని మా అమ్మకి ఇవ్వలేను. "చదివినవు సరే, మరి తగ్గుతవా?" అంటుంది.

అమ్మతో మాట్లాడగలిగింది ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన పాత తెలుగు పుస్తకం వల్ల. ఓల్గా "రాజకీయ కథలు", 1993లో వచ్చింది. పేరు చూసి ఎలక్షన్ల కథలు అనుకున్నాను. అందులో రాజకీయం అంటే ఆడదాని ఒళ్లు. కళ్లు, ముక్కు, జడ... ఒంట్లో ఒక్కో భాగం ఒక్కో కథ అవుతుంది. దాని మీద ఇంట్లో ఎవరి పెత్తనం ఎంత అని ఆ కథ అడుగుతుంది. వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తున్న అమ్మకి ఒక కథ చదివి వినిపించాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నా పెళ్లికి ముందు మా నాయనమ్మ నాకు ఏడాది పాటు రాత్రి అన్నం పెట్టలే, తెలుసా నీకు?" అంది. నాకు తెలీదు. ఇన్నేళ్లు నా బరువు గురించి అమ్మ, నేను కొట్లాడుకుంటూనే ఉన్నాం గానీ అమ్మ ఒంటి గురించి నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు కూడా పది కిలోల టాపిక్ వస్తుంది. వచ్చినప్పుడు అమ్మే ఆపేస్తుంది, "సరే తీయ్" అని.

అందుకే తమ్ముడు తెలుగు మాట అడిగినప్పుడు వాడు ఏం అడుగుతున్నాడో నాకు అర్థమైంది. ఇంగ్లీష్‌లో చదివి మనకి ధైర్యం రావచ్చు. కానీ మన గురించి నిర్ణయాలు జరిగేది వంటింట్లో, తెలుగులో.

వెతికాను. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి వెళ్తే, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ స్టాల్లో "ఒక హిజ్రా ఆత్మకథ" దొరికింది. ఎ. రేవతి గారి జీవితం. ఆవిడది తమిళనాడులో నామక్కల్ దగ్గర పల్లె. అబ్బాయిగా పెంచిన ఇంట్లో తను అమ్మాయినని తెలిసి, అన్నల చేతుల్లో దెబ్బలు తిని, ఇల్లు వదిలి ఢిల్లీ, ముంబై వెళ్తుంది. హిజ్రా కుటుంబాల్లో గురువు, చేలా సంబంధాలు, బతకడానికి చేసిన పనులు, పోలీసుల హింస, మళ్లీ ఇంటికొచ్చి ఆస్తిలో వాటా అడగడం... అన్నీ దాచుకోకుండా చెప్తుంది. తర్వాత బెంగళూరులో సంగమ అనే సంస్థలో చేరి తనలాంటి వాళ్ల హక్కుల కోసం పని చేసింది. ఇంగ్లీష్‌లో 2010లో వచ్చింది.

తెలుగులోకి తెచ్చింది ఎవరో తెలుసా? పి. సత్యవతి గారు. 1940లో పుట్టారు, విజయవాడలో ఇంగ్లీష్ లెక్చరర్‌గా చేశారు. ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన ఒకావిడ కథ ఉంది, "ఇల్లలకగానే", అది రాసింది ఈవిడే. తన పేరు వెతుక్కునే ఆడమనిషి కథ రాసినావిడ, కొత్త పేరుతో బతికిన మనిషి జీవితాన్ని తెలుగు చేశారు. ఈ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. మన అమ్మమ్మల వయసు మనిషి ఈ మాటలన్నీ తెలుగులో రాయగలిగినప్పుడు, "పెద్దవాళ్లకి అర్థం కాదు" అని మనం అనుకోవడం ఎంత బద్ధకమో చూడండి.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. పురానాపూల్ నుంచి మూసీ వెంట కిందికి వెళ్తే కుడి ఒడ్డున హైకోర్టు వస్తుంది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. వాళ్ల పేర్లతో రిజిస్టర్ పెట్టాలి. ఆడవాళ్ల బట్టలు, నగలు వేసుకుని బయట కనిపించినా, ఆడినా పాడినా వారెంట్ లేకుండా అరెస్ట్ చేయొచ్చు. రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు 2018లో కేసు వేస్తే, 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 104 ఏళ్లు పట్టింది. అక్కడి నుంచి నది దాటితే అఫ్జల్‌గంజ్, ఉస్మానియా ఆస్పత్రి. 2022 నవంబర్‌లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అక్కడ డాక్టర్లుగా చేరారు. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగంలోకి వచ్చిన మొదటి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వాళ్లే. ఇదంతా మా ఇంటి నుంచి ఆటో దూరం. "ఇవన్నీ ఫారిన్ విషయాలు" అనేవాళ్లకి ఆటో చార్జీలు నేనే ఇస్తాను, వెళ్లి చూసి రండి.

సరే, పుస్తకం కొన్నాను. వాడిని అడిగాను, "మీ అమ్మకి ఇవ్వనా?" అని. వారం ఆలోచించి, "ఇయ్యి, కానీ నా సంగతి చెప్పకు" అన్నాడు. సంక్రాంతికి ఇచ్చాను. మా చిన్నమ్మ వీక్లీల్లో సీరియల్స్ వదలకుండా చదువుతుంది, కాబట్టి ఇంకో సీరియల్ లాగానే మొదలుపెట్టింది. నాలుగు రోజులు ఫోన్ చేయలేదు. ఐదో రోజు చేసి, "ఆ పిల్లను సొంత అన్నలే గట్ల కొట్టిన్రా?" అంది. "ఆ పిల్ల" అంది. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను.

కొన్ని రోజుల తర్వాత వాడే వాళ్లమ్మకి చెప్పాడు. నేను లేను అక్కడ. వాడు చెప్పిందాన్ని బట్టి, చిన్నమ్మ మొదట ఏడ్చింది, తర్వాత అడిగింది: "అయితే నువ్వు కూడా చీర కట్టుకుంటవా? ఇల్లు వదిలి పోతవా?"

ఇక్కడ తప్పు నాది. నేను ఇచ్చింది ఒక ట్రాన్స్ మహిళ జీవితం. మా వాడు గే. వాడు అబ్బాయే, అబ్బాయిగానే ఉంటాడు, ఇంకో అబ్బాయిని ఇష్టపడతాడు. రెండూ వేరు వేరు. తెలుగులో చేతికి దొరికిన ఒక్క పుస్తకంతో నేను పని కానిద్దామనుకున్నాను. చిన్నమ్మ ఆ పుస్తకాన్నంతా తన కొడుకు భవిష్యత్తు అనుకుని భయపడింది. ఆ దెబ్బలు, ఆ రోడ్లు, ఆ పోలీసులు అన్నీ వీడికి రాబోతున్నాయి అనుకుంది. "పోలీసులు పట్టుకపోతరా?" అని నన్ను మూడుసార్లు అడిగింది. లేదు చిన్నమ్మా, ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు చెప్పింది అన్నాను. "మరి పెళ్లి?" అంది. పెళ్లికి చట్టంలో గుర్తింపు లేదు, 2023లో అదే కోర్టు ఇవ్వలేనంది, అని కూడా చెప్పాల్సి వచ్చింది. ఆవిడకి అబద్ధం చెప్పాలనిపించలేదు.

అప్పుడు మళ్లీ వెతికాను. కన్నడంలో వసుధేంద్ర రాసిన "మోహనస్వామి" ఉంది, 2013 కథలు. ఆయనది బళ్లారి దగ్గర సండూరు, మన పక్కనే. ఇంజినీరింగ్ చదివి దాదాపు 20 ఏళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాడు, కాబట్టి నాకు సీనియర్ అన్నమాట. చిన్న ఊరి నుంచి బెంగళూరు వచ్చిన మోహనస్వామి, తను ప్రేమించిన మనిషి ఒక అమ్మాయిని పెళ్లి చేసుకుంటుంటే చూస్తూ ఉండాల్సి వస్తుంది. నేను 2016లో వచ్చిన ఇంగ్లీష్ అనువాదం చదివాను. అందులో ఒక కథని రోజూ సాయంత్రం కొంచెం కొంచెంగా చిన్నమ్మకి తెలుగులో చెప్పాను, పురాణం చెప్పినట్టు. మధ్యలో ఆపి, "పాపం, వాడు ఎవరికీ చెప్పుకోలేదా?" అని అడిగింది. చెప్పుకునే మనుషులు లేరు చిన్నమ్మా అన్నాను. ఆ రోజు వాడికి ఇష్టమని గుత్తి వంకాయ చేసింది. దాని గురించి ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

హ్యాపీ ఎండింగ్ అని చెప్పను. మా చిన్నాన్నకి ఇంకా తెలీదు. సంబంధాలు వస్తూనే ఉన్నాయి. చిన్నమ్మ "చదువు కానీ, ఉద్యోగం రానీ" అని నెట్టుకొస్తోంది. ఈ ఎపిసోడ్ చిన్నాన్న చూడరు, ఆయన క్రికెట్ తప్ప ఏం చూడరు.

నేను నేర్చుకున్నవి చెప్పి ముగిస్తాను.

ఒకటి, ఎవరి కోసమైనా పుస్తకం ఇచ్చే ముందు వాళ్లని అడగండి. సోఫా మీద వదిలేసిన పుస్తకం కూడా ఒక్కోసారి మనిషి గుట్టు బయటపెడుతుంది. వాళ్ల ఇంట్లో వాళ్లకి ప్రమాదం ఉంటే మన ఉత్సాహం వాళ్లకి దెబ్బలు తెస్తుంది.

రెండు, ఒక్క పుస్తకంతో ఆగకండి. ఒక్కటే చదివితే ప్రపంచంలో అలాంటి మనుషులందరూ ఆ ఒక్కరిలాగే ఉంటారనుకుంటాం. 1942లో ఇస్మత్ చుగ్తాయ్ ఉర్దూలో "లిహాఫ్" రాస్తే లాహోర్ కోర్టుకి లాగారు. అప్పటి ఆ కథ చదవండి, ఇప్పటి కథలు కూడా చదవండి. మన తెలుగులో కొత్తవాళ్లు రాస్తున్నారు, వాళ్లని కొని చదవండి. పీడీఎఫ్ అడగకండి ప్లీజ్. మనం కొంటేనే ఇంకో పుస్తకం వస్తుంది, ఇంకొకరు అనువాదం చేస్తారు. నాకు ఆ డిసెంబర్‌లో చేతికి ఒక్కటి కాకుండా నాలుగు దొరికి ఉంటే చిన్నమ్మ అంత భయపడేది కాదు.

మూడు, ఇంట్లో భాషలో చదవండి, గట్టిగా చదవండి. అనువాదం లేకపోతే మీరే చెప్పండి. బీటెక్ తెలుగు కదా మాది, నాకు కూడా సగం మాటలు రావు. తడుముకుంటూ చెప్పాను. పర్లేదు.

ఇంతకీ తిట్టు కాని మాట దొరికిందా అంటే... నేను "స్వలింగ ప్రేమ" అన్నాను, "క్వియర్" అన్నాను. వాడికి ఏదీ సెట్ అవ్వలేదు. మొన్న చిన్నమ్మ వంటింట్లో నాతో మాట్లాడుతూ, "మా వాడు ఇష్టపడే పిల్లగాడు ఎవరన్న ఉన్నడా, నీకు తెలుసా?" అని మెల్లగా అడిగింది. అందులో కొత్త మాట ఒక్కటి కూడా లేదు. వాడికి చెప్పాను. "ఇంకోసారి చెప్పు అక్కా, అమ్మ ఎట్లన్నది?" అని రెండుసార్లు చెప్పించుకున్నాడు.

దసరా జోక్‌కి వాడికి సారీ చెప్పాను. ఈసారి దసరాకి అందరూ ఉన్నప్పుడు అలాంటి జోక్ ఎవరైనా వేస్తే నేను నవ్వను, ఎందుకు నవ్వట్లేదో కూడా చెప్తాను. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు మీ నవ్వు చూసి లెక్కేసుకుంటూ ఉండొచ్చు.

మళ్లీ కలుద్దాం. ఖుదా హాఫిజ్, ఉంటాను.